మందవీధి బోర్డు మీద నలభై నాలుగు

వీధి పేరు పక్కన నంబరు పడిందంటే ఇక వీధి బేరమైపోయినట్టేనని పిల్లమ్మ చెప్పిందట. పిల్లమ్మకు ఎవరు చెప్పారో పిల్లమ్మకే తెలియదు. కొళాయి కింద బిందె నిండేలోపల ఆ మాట అక్కడున్న ఆడవాళ్లందరి కొంగుల్లోకీ చేరిపోయింది. సుబ్బక్క తన వాటా మాటను భద్రంగా ఇంటికి తెచ్చి మొగుడి ముందర కుమ్మరించింది.

"ఇదో, ఇన్నావా? మన వీధిని రోడ్డోళ్లకు ఇచ్చేసినారంట. నంబరు గూడా ఏసేసినారంట."

చెన్నరాయప్ప దొడ్లో కూర్చుని గొర్రెపిల్ల గిట్టలో దిగిన ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఎవురిచ్చినారంట?"

"అది పిల్లమ్మ చెప్పలేదు."

"తీసుకున్నోడు ఎవురంట?"

"అదీ చెప్పలేదు."

"మరి ఏం చెప్పింది?"

"నంబరేసినారని చెప్పింది. నంబరైతే ఉండాది గదా, కండ్ల ముందర."

నంబరు ఉన్నమాట నిజమే. పైగా ఆ నంబరు వేసింది కన్నకూతురాయె.

తమిళనాడులో కృష్ణగిరి నుంచి హోసూరు వైపు పోతూ కుందారపల్లి దాటాక, పెద్దరోడ్డుకు ఎడమపక్క దిగే వీధి అది. పొద్దున్నే ఇళ్లన్నిటి గొర్రెలూ వీధి మొగలో ఒక్కచోట చేరి, ఒకే మందగా మేతకు పోతాయి గనుక మందవీధి అయింది. ఆ పేరు అక్కడివాళ్ల నోళ్లలో తప్ప ఇంకెక్కడా లేదు. బయటివాళ్లు గొర్రెలోళ్ల సందు అంటారు. సంతకొచ్చే లారీవాళ్లు అది కూడా అనరు. "ఆ సందు" అంటారు, చేత్తో గాలిలోకి చూపించి.

కిందటేడు పిల్లమ్మ కోడలికి నొప్పులొచ్చినప్పుడు అంబులెన్సుకు ఫోన్ చేశారు. ఎక్కడికి రావాలని అడిగితే మందవీధి అన్నారు. ఏ రోడ్డు మీద అంటే పెద్దరోడ్డు మీద అన్నారు. కృష్ణగిరి చుట్టూ పెద్దరోడ్లకు కొదవా? ఒకటి చెన్నైకి పోతుంది, ఒకటి సేలానికి పోతుంది, ఒకటి హోసూరుకు వస్తుంది. అంబులెన్సు చెన్నై రోడ్డు పట్టుకుని పోయి, మందవీధి ఎక్కడని అక్కడి టీకొట్లో అడుగుతూ కూర్చుంది. ఈలోపల పిల్లమ్మ మనవడు ఆటోలో పుట్టేశాడు. తల్లీ బిడ్డా క్షేమమే. పిల్లవాడికి ఏదో మంచి పేరే పెట్టారు గానీ వీధి మొత్తం వాడిని "ఆటో" అనే పిలుస్తుంది.

ఆ సంగతి చెన్నరాయప్ప కూతురు త్రివేణి మనసులో పెట్టుకుంది. ఆ పిల్ల డిప్లమో చదివి, హోసూరులో బోర్డులు చేసే కంపెనీలో పని చేస్తోంది. పొద్దున బస్సుకు పోయి చీకటి పడేవేళకు వస్తుంది. మిషను అక్షరాలు కోస్తే, వాటిని రేకు మీద అంటించే పని ఆమెది. ఊరి వీధులన్నిటికీ పేర్ల బోర్డులు కావాలని పంచాయతీ నుంచి ఆ కంపెనీకే పని వచ్చింది. పేర్లు రాసుకోవడానికి వచ్చిన పంచాయతీ క్లర్కు మోహన్‌కుమార్‌ను త్రివేణి అడిగింది.

"సార్, పెద్దరోడ్డుకు తగిలే వీధులకు పేరు పక్కనే రోడ్డు నంబరు గూడా పెడదాం. ఫోన్లో చెప్పేదానికి సులువు."

"నంబరు రోడ్డుకు గదమ్మా, వీధికి ఎందుకు?"

"రోడ్డు పోయేవాళ్లది సార్. వీధి ఉండేవాళ్లది. పోయేవాళ్లు ఉండేవాళ్లను యాడని వెతుక్కోవాల?"

మోహన్‌కుమార్ కాసేపు ఆలోచించి, పైవాళ్లను అడిగి, సరే అన్నాడు. ముందు ఒక్క మందవీధిలో పెట్టి చూద్దాం, బాగుంటే మిగతావాటికీ పెడదాం అన్నాడు.

అట్లా వచ్చింది ఆ బోర్డు. పచ్చటి రేకు, తెల్లటి అక్షరాలు. పైన తమిళంలో, కింద ఇంగ్లీషులో మందవీధి. పక్కనే నట్లతో బిగించిన వేరే రేకుముక్క, దాని మీద తెల్లటి గడిలో నల్లగా ఎన్‌హెచ్ 44. చెన్నరాయప్పకు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడిలో చదివిన నాలుగు ముక్కలూ తమిళం. బోర్డు పెట్టిన రోజు దాని కింద నిలబడి ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుని చదివాడు. ఆ తర్వాత గొర్రెల్ని తోలుకుని ఇంటికి మళ్లే వేళకు ఒక లారీ లైటు దాని మీద పడింది. బోర్డు భగ్గున వెలిగింది. పేరూ వెలిగింది, నంబరూ వెలిగింది. ఎండకూ వానకూ నోరు మెదపని మనిషి, ఆ శుక్రవారం కుందారపల్లి సంతలో కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. ధర్మపురి నుంచి వచ్చిన బేరగాడొకడిని టీ తాగే వంకతో నడిపించుకొచ్చి మరీ చూపించాడు.

"మా పాప చేసిండేది. నీ ఫోన్లో ఆ నంబరు పెట్టుకో. ఇంక దోవ అడగబల్లేదు నువ్వు."

అంత చెప్పుకున్నాక ఇప్పుడు ఈ మాట లేచింది.

పిల్లమ్మ ఒక్కతే అయితే నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆ మాటకు బలం ఇచ్చింది రామచంద్రప్ప. సుబ్బక్కకు స్వయానా అన్న. సంతలో గొర్రెలవాళ్లకూ బేరగాళ్లకూ మధ్య నిలబడి బేరం తెగగొట్టేది అతనే. బేరం తెగిన గొర్రె వీపు మీద నీలిరంగుతో కొన్నవాడి నంబరు వేసేదీ అతనే. నంబరు సంగతిలో అతని మాటకు వీధిలో తిరుగులేదు.

"నా చేత్తో ఎన్నిటికి ఏసినానో లెక్కలేదు," అన్నాడట రామచంద్రప్ప రచ్చబండ మీద కూర్చుని. "నంబరు పడిన గొర్రె మళ్లీ మందకు వచ్చింది నేను చూడలేదు."

ఆ మాట విన్నాక వీధిలో అన్నం సరిగ్గా తిన్నవాళ్లు తక్కువ.

చీకటి పడేవేళకు త్రివేణి బస్సు దిగి వచ్చింది. ముఖం చూడగానే చెన్నరాయప్పకు తెలిసిపోయింది, సంగతి హోసూరు దాకా పోయిందని.

"మోహన్‌కుమార్ సారు ఫోన్ చేసినాడు నాయనా. రేపు పొద్దున వస్తాడంట. వీధిలో వద్దంటే నంబరు ముక్క విప్పేస్తాడంట. మిగతా బోర్డులు షాపులో రెడీగా ఉండాయి. వాటికీ నంబరు లేకుండానే పెడతాడంట. 'మీ వీధోళ్లే వద్దంటే ఇంకెవురి కోసం పెట్టేదమ్మా' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? మామ గూడా వద్దంటా ఉండాడంట గదా." త్రివేణి సంచి విసురుగా గోడకు తగిలించింది. "ఊర్లో ఎవురన్నా అననీ. నేను మొదట చేసిన బోర్డు మా వీధోళ్లే పీకేస్తే, రేపు షాపులో ఏ ముఖం పెట్టుకుని కూర్చునేది?"

సుబ్బక్క పొయ్యి దగ్గర నుంచి, "మా అన్న ఊరికే అనడు," అని గొణిగింది. సంకటి గెలకడం మాత్రం ఆపలేదు. చెన్నరాయప్ప లేచి గొర్రెల దొడ్డి వైపు పోయాడు. అతనికి మాటలు రావు. వచ్చేది గొర్రెల సంగతి ఒక్కటే.

తెల్లారి మోహన్‌కుమార్ బండి దిగేసరికి వీధి మొగలో జనమూ గొర్రెలూ కలిసే ఉన్నారు. మేతకు పోవాల్సిన మంద బోర్డు కింద నిలబడి అరుస్తోంది. పిల్లమ్మ చంకలో ఆటో ఉన్నాడు. రామచంద్రప్ప తెల్లచొక్కా వేసుకుని, కండువా మడతపెట్టి భుజాన వేసుకుని, పంచాయితీకి వచ్చినట్టే వచ్చాడు.

మోహన్‌కుమార్ సంచిలోంచి స్పానరు తీశాడు. "చెప్పండప్పా. నాకేం బాధ లేదు. ఉండాల్నా, విప్పాల్నా?"

"పేరు ఉండనీ. నంబరు విప్పెయ్," అన్నాడు రామచంద్రప్ప.

త్రివేణి తండ్రి వైపు చూసింది. చెన్నరాయప్ప ఆమె వైపు చూడలేదు. మందలోకి నడిచి, నాలుగు గొర్రెల్ని పక్కకు తోసి, ఒకదాన్ని చెవి పట్టుకుని బావ ముందరికి లాక్కొచ్చాడు.

"బావా, ఇది ఎవురిది?"

"నాదే గదప్పా."

"ఇంత మందలో నీదేనని ఎట్ల చెప్తావు?"

"కుడిచెవికి కింద గాటుండాది, నీకు కండ్లు లేవా? మా తాత కాలం నించి అదే గాటు మా ఇంటికి."

"అమ్మేదానికి ఏసినావా గాటు?"

రామచంద్రప్పకు కోపం వచ్చింది. "అమ్మేదానికి ఎవుడన్నా చెవి కోస్తాడా? తప్పిపోతే మనింటికి తోలిస్తారని కోస్తాం. నీకు తెలీదా, కొత్తగా అడగతావు?"

"నాకు తెలుసు. నువ్వు మర్చిపోయినావేమోనని అడిగినా." చెన్నరాయప్ప గొర్రెను వదిలేశాడు. అది తల విదిలించుకుని మందలో కలిసిపోయింది. "నువ్వు సంతలో ఏసేది వీపు మీద. ఉత్త నంబరు. అది ఎవురిదో, ఏ ఇంటిదో దాంట్లో ఉండదు. ఈడ చూడు, ముందర మన పేరుండాది. పేరు పక్కన నంబరుండాది. ఇది వీపు మీద రంగు కాదు బావా. చెవి గాటు."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. రామచంద్రప్ప మాటకు ఎదురు మాట వినడం వాళ్లకు అలవాటు లేదు, అందులోనూ చెన్నరాయప్ప నోటినుంచి. అతనికే వింతగా ఉంది. ఇంత మాట తన గొంతులోంచే వచ్చిందా అన్నట్టు కండువాతో నోరు తుడుచుకున్నాడు.

రామచంద్రప్ప అంత తేలికగా వదిలే మనిషి కాదు. అట్లా వదిలేస్తే సంతలో బేరాలెట్లా తెగగొడతాడు?

"గాటు మనం ఏసుకుంటాం, మన చేత్తో. ఈ నంబరు ఏసిందెవురు? గవర్మెంటు."

"నేనేసినా మామా," అంది త్రివేణి.

అందరూ అటు తిరిగారు.

"నువ్వెట్లమ్మా ఏస్తావు, మిషను గదా ఏసేది?" అంది పిల్లమ్మ.

"మిషను కోస్తాది అత్తా. అంటించేది నేనే. పేరూ నేనే, నంబరూ నేనే. ఒక్క బుడగ ఉండినా ఎండకు లేచిపోతాది. మూడుసార్లు పీకి మళ్లీ అంటించినా, మన వీధిదని."

పిల్లమ్మ ఆటోను ఇంకో చంకకు మార్చుకుంది. బోర్డు దగ్గరికి పోయి, మునివేళ్ల మీద లేచి, నలభై నాలుగు మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమింది. వీధంతా ఆమె చెయ్యినే చూసింది.

"బుడగ లేదే," అంది.

"అత్తా, ఈ నంబరు చెప్పి ఉంటే నీ మనవడు ఆస్పత్రిలో పుట్టి ఉండును," అన్నారు వెనకనుంచి ఎవరో.

"అప్పుడు వాడిని ఏమని పిలుస్తారు మీరు?" అంది పిల్లమ్మ. ఈసారి నవ్వు గట్టిగానే లేచింది. మాట పుట్టించింది తనేనన్న సంగతి ఆమె అప్పటికే మరిచిపోయినట్టుంది. నంబరు వైపు తనవాళ్లను చూసినట్టు చూస్తోంది.

చెన్నరాయప్ప కూతుర్ని చూశాడు. త్రివేణి తల దించుకుని చున్నీ కొసను వేలికి చుట్టుకుంటోంది. ఆ వేళ్లే కదా ఆ పని చేసింది అనుకున్నాడు. గొర్రెల కాపరి ఇంట పుట్టిన వేళ్లు, పెద్దరోడ్డు మీద పోయే ప్రతి బండికీ తమ వీధి పేరు చెబుతున్నాయి.

రామచంద్రప్ప మాత్రం నవ్వలేదు. జనం నవ్వు తగ్గేదాకా ఆగి, నిదానంగా మాట్లాడాడు. ఈసారి అతని గొంతులో సంత లేదు.

"నవ్వండప్పా. మీలో సగం మందికి గురుతుండదు. ఈ రోడ్డును పెంచినప్పుడు మా ఇంటి ముందర వసారా పోయింది. చెన్నరాయప్పా, మీ పాత దొడ్డి పోయింది. బావి పూడిపోయింది. అడిగేదానికి పోతే మా నాయనను ఎండలో నిలబెట్టినారు. మళ్లీ ఒకనాడు పెంచుతారు. అప్పుడు మనమే పేరూ నంబరూ రాసి, ఈడుండాం రాండి అని చూపిస్తా ఉండాం. అది నా భయం."

నవ్వులు ఆగిపోయాయి. ఇది కొళాయి కాడ పుట్టిన మాట కాదు. జరిగిందే. ముసలివాళ్లు నేల చూపులు చూశారు. చెన్నరాయప్పకు తెలిసిన గొర్రెల సంగతిలో దీనికి జవాబు లేదు. త్రివేణి ముఖం చిన్నబోయింది. మోహన్‌కుమార్ ఇక ఇంతేననుకుని, స్టూలెక్కి, నంబరు పక్కనున్న నట్టుకు స్పానరు తగిలించాడు.

అంతవరకు మంద వెనకాల కర్ర పట్టుకుని నిలబడిన సుబ్బక్క, గొర్రెల్ని చీల్చుకుంటూ ముందరికి వచ్చింది. అన్నకు ఎదురు చెప్పి ఎరగని మనిషి. బోర్డు కింద నిలబడి అతని కళ్లలోకి చూసి ఒక్క మాట అంది. అది విన్నాక రామచంద్రప్ప బోర్డు ముందర నుంచి పక్కకు తొలిగాడు, మోహన్‌కుమార్ స్పానరు తిప్పకుండానే స్టూలు దిగాడు. ఆమె అన్నది ఇంతే:

"అప్పుడు మనకు పేరూ లేదు, నంబరూ లేదు గదన్నా. ఈడ ఎవురూ లేరనుకునే ఎత్తుకపోయినారు."