దెబ్బలు తినే తోలు

నాచారంలో పగలంతా ఫ్యాక్టరీ మిషన్ల మోత వినే మహిపాల్, సెలవొస్తే డ్రమ్ముల మోత తనే మోగించేవాడు. అతని ఆర్కెస్ట్రాలో పాటలు భార్య స్వర్ణలతవి. వినాయక చవితికి పందిళ్లు లేస్తున్న సమయంలో, కాలితో పెడల్ తొక్కి వాయించే పెద్ద డ్రమ్ము తోలు చిరిగింది. ప్లాస్టిక్‌దే అయినా అందరూ దాన్ని తోలనే అంటారు.

ఆ డ్రమ్ముకు తోళ్లు రెండు. ముందుది జనాలకు కనబడుతూ కూర్చుంటుంది. వాయించేవాడి వైపున్నది దెబ్బలన్నీ తింటుంది. చిరిగింది ఆ వెనకదే. ముందు తోలు కొనిచ్చి పేరేసుకుంటామనే దాతలు పక్కనున్న ఉప్పల్ నిండా ఉన్నారు. వెనకది అనగానే అందరికీ అర్జంటు పనులు గుర్తొచ్చేవి.

చివరికి ప్లాట్ల వ్యాపారి గంగాధరరావు కబురు పెట్టాడు. కార్పొరేటర్ టికెట్టు కోసం ఆయన ఈమధ్యే తెలంగాణ మాట నేర్చుకుంటున్నాడు.

"జర నాకు చెప్పొద్దా మహిపాల్! తోలు నేను కొనిస్తాను. నా ఫొటో మాత్రం నిండుగా ఉండాలి."

"ఉంటది సార్."

ఏ వైపో ఆయన అడగలేదు. ఇతను చెప్పలేదు.

దుకాణంలో మహిపాల్ పలచనివన్నీ పక్కకు పెట్టించి, వేలితో తట్టి చూసి, రెండు పొరల మందపు తోలు ఏరుకున్నాడు. దాని మీద గంగాధరరావు మనుషులు ఆయన దండం పెడుతున్న స్టిక్కర్ అంటించారు.

బిగిస్తుంటే స్వర్ణలత గాబరా పడింది. "గిదేంది, ఆయన మొహం మీద కొడ్తవా?"

"నేను తొక్కేది పెడల్‌ని. అది ఏడ తగుల్తదో దానిష్టం."

చవితి ప్రోగ్రాంలో అది సరిగ్గా ఆయన ముక్కు మీద తగిలింది. మొదటి పాటకు మహిపాల్ జంకాడు. రెండో పాటకు కాలు కుదిరింది. జన్మలో అంత హాయిగా వాయించలేదు.

ముందు వరసలోంచి తన ఫొటో కనబడక గంగాధరరావు ఫొటోగ్రాఫర్‌తో సహా స్టేజీ ఎక్కి, డ్రమ్ము వెనక్కొచ్చాడు. ముక్కు ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. మహిపాల్ కాలు ఆగిపోయింది. ఇక ఈ ఏరియాలో తనకు ప్రోగ్రాములు దొరకవనుకున్నాడు.

గంగాధరరావు ఒకసారి జనం వైపు చూసి, స్వర్ణలత చేతిలోని మైకు అందుకున్నాడు.

"చూశారా! ముందు నిలబడి మెరిసేవాళ్లు వేరు. నేను వెనకుండి మీకోసం దెబ్బలు తినేవాణ్ణి!"

చప్పట్లు మోగాయి. ఆ మాట ఆయనకే తెగ నచ్చి, హారతి వేళ దాకా తిప్పి తిప్పి అదే చెప్పాడు. మిగతా పాటలు పాడే వీలే స్వర్ణలతకు దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే టికెట్టు ఆశించే ఇంకో నాయకుడి మనిషి మహిపాల్ ఇంటికొచ్చాడు.

"మా అన్న ఫొటో గూడ ఎనకనే పెట్టాలె. జర గట్టిగ కొట్టాలె."

మహిపాల్ అతనికి చాయ్ ఇప్పించి, తన షరతు చెప్పాడు. "మొహం ఎవరిదైనా నాకు ఫికర్ లేదన్నా. తోలు మాత్రం నేనే ఏరుకుంట."