రొట్టెలక్క బల్ల

పొద్దు పొడవకముందే రొట్టెలక్క బట్టీ రాజేసేది. మొదటి వాయి బయటికి తీసేసరికి వీధి తలుపు చప్పుడయ్యేది. చేతుల పిండి దులుపుకుని వచ్చి బల్ల వెనక నిలబడేది. బల్లకి ఇవతల బట్టీ, ఆమె. అవతల కొనేవాళ్ళు, వీధి తలుపు, తలుపు పక్కనుంచి పైగదికి మెట్లు. దుకాణమంటే అంతే.

తన రంగు వాళ్ళొస్తే రొట్టె చేతికందించి, "వేడిగా ఉంది, చూసుకో వదినా" అని ఒక మాట కూడా కలిపేది. మిల్లు వెనక వీధుల వాళ్ళొస్తే మాత్రం రొట్టెని బల్ల మీద పెట్టి వేలితో ముందుకు తోసేది. వాళ్ళ ఒంటి రంగు వేరు. వాళ్ళ తాతలు ఎప్పుడో ఈ ఊరొచ్చారు, వీళ్ళంతా ఇక్కడే పుట్టారు. అయినా "వచ్చినవాళ్ళు" అనే పేరు మాత్రం పోలేదు. రొట్టెలక్క వాళ్ళని తిట్టింది లేదు, కసిరింది లేదు, మాడిన రొట్టె అంటగట్టింది లేదు. చెయ్యి తగలకుండా చూసుకునేది. అత్తగారు అలాగే చేసేది, ఈమె కూడా అలాగే చేసింది.

అలా తోసినప్పుడల్లా బల్ల గోరంత వెడల్పయ్యేది.

వానలకి తలుపులు ఉబ్బినట్టే ఇదీననుకున్నారు అందరూ. వడ్రంగం చేసే మరిది అప్పుడప్పుడూ వచ్చి, పెరిగిన మేరకి కింద కొత్త కాళ్ళు బిగించి పోయేవాడు.

"వదినా, ఇంకాస్త పెరిగితే అటువైపు వాళ్ళకి రొట్టె పోస్టులో పంపాల్సిందే" అనేవాడు మేకులు నోట్లో పెట్టుకునే.

"మేకు మింగుతావు, మాటలాపి కొట్టు" అనేది.

చివరికి చెయ్యి చాలక, బట్టీలోంచి రొట్టెలు లాగే పొడుగు చెక్క పారతోనే అటు తోయడం మొదలుపెట్టింది. తన వాళ్ళు దొడ్డిదారిన వచ్చి చేతికి తీసుకుపోయేవాళ్ళు. పార వచ్చాక పని తేలికైందని అందరూ మెచ్చుకున్నారు కూడా.

అవతలివైపు నిలబడేవాళ్ళలో ఒక కుట్టుపనామె ఉంది. ఒంటరి మనిషి. కాలుతో తొక్కే మిషనే ఆమెకున్న ఆస్తి. ఆ వీధిలో సగం మంది ఒంటి మీద బట్టలు ఆమె కుట్టినవే. రొట్టెలక్కవి కూడా. కాకపోతే రొట్టెలక్క ఎన్నడూ కొలతలకి వెళ్ళలేదు, ఆదికి పాత చొక్కా ఒకటి పంపేది. టేపు పట్టుకున్న చేతులు భుజం మీద పడకుండా.

ఈమధ్య ఆ కుట్టుపనామె అద్దెకుంటున్న ఇంటి యజమాని, చుట్టాలొస్తున్నారని, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఏ గుమ్మం ఎక్కినా ఆమెని చూడగానే గది అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉండేది. ఒకరోజు బల్ల అవతలనుంచి గొంతు పెంచి అడిగింది.

"పైగది ఖాళీయేనటగా అక్కా?"

"ఖాళీయేగానీ అమ్మాయ్, బల్ల పెరిగి మెట్లని మూసేసింది గదా. నువ్వే చూస్తున్నావు. దారేదీ?"

అది నిజమే. బల్ల అంచు మెట్ల మొదలుకి ఆనుకుపోయి ఉంది. కుట్టుపనామె మెట్లని చూసింది, బల్లని చూసింది, రొట్టె తీసుకుని వెళ్ళిపోయింది. నిజమే చెప్పినా రొట్టెలక్క ఆ పూటంతా మెట్లవైపు చూడలేదు.

ఇలా గదుల కోసం తిరిగి తిరిగి వస్తున్న వాళ్ళు ఇంకొందరున్నారు. వీధి చివరి పంతులమ్మ, బడి మానేసినా బెత్తం మానలేదని పేరున్నావిడ, ఇదంతా చూసి ఊరుకోలేకపోయింది. "రంగుల సంగతి కూర్చుని మర్యాదగా మాట్లాడుకుందాం. అరవకూడదు, ఒకరి మాటకి ఒకరు అడ్డం రాకూడదు" అని ఆదివారం మధ్యాహ్నం అందర్నీ రొట్టెల దుకాణానికే పిలిచింది. రెండు రంగుల వాళ్ళూ అడుగుపెట్టే చోటు అదొక్కటే మరి.

ఇవతల బట్టీ దగ్గర వీళ్ళు, అవతల వీధి తలుపు దగ్గర వాళ్ళు. ఇద్దరికీ వినపడాలని పంతులమ్మ స్టూలేసుకుని బల్ల మీదకెక్కి నడిమధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మాకు తేడాలేం లేవండీ, అందరం మనుషులమే" అన్నాడు మందుల షాపాయన. బల్ల కిర్రుమని అంగుళం అటు పెరిగింది.

"మమ్మల్నీ అందరూ బాగానే చూసుకుంటున్నారండీ" అన్నాడు అటువైపునుంచి తాళాలు బాగుచేసే ముసలాయన, నేలకేసి చూస్తూ. బల్ల ఇంకో అంగుళం పెరిగింది.

ఎవరి మర్యాద వాళ్ళు చూపించుకున్నారు. అటు నిలబడ్డవాళ్ళ వీపులు గోడకంటుకున్నాయి.

"కాస్త జరగండమ్మా" అంది పంతులమ్మ.

"ఎక్కడికండీ, గోడలోకా?" అన్నారెవరో.

బల్లకీ మెట్లకీ మధ్య ఇరుక్కుని నిలబడ్డ కుట్టుపనామె అప్పుడు చెయ్యెత్తింది. "ఒక్కటడుగుతాను అక్కా. నా చేతికి ఎన్నడూ రొట్టె ఎందుకివ్వలేదు?"

"బల్ల వెడల్పు గదమ్మా..." అంది రొట్టెలక్క. బల్ల విసురుగా కదిలింది. కుట్టుపనామె పొట్ట లోపలికి లాక్కుని మళ్ళీ అడిగింది.

"బల్ల ఇంత లేనప్పుడు?"

"ఇప్పుడవన్నీ ఎందుకులే" అన్నాడు మరిది.

"అడ్డం రాకు. ఆవిణ్ణి చెప్పనీ" అంది పంతులమ్మ.

రొట్టెలక్క పదిమందిలో నోరు విప్పే మనిషి కాదు. తల దించుకునే ఏదో గొణిగింది.

"వినపడలేదు" అన్నాడు అటునుంచి తాళాలాయన. వెటకారం కాదు. దూరం అంత ఉంది.

ఒకసారి చెప్పడమే చావైన మాట రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"నీ చెయ్యి తగులుతుందని! తగిలితే ఏమవుతుందో నాకూ తెలీదు. అత్త చెప్పింది, నేనడగలేదు. ఆదికి పాత చొక్కా పంపిందీ అందుకే. బల్ల పెరిగేది నా వల్లేనని తెలుసు. మెట్లు మూసుకుపోతే గది ఇవ్వనని నీకు చెప్పే పని నాకు తప్పుతుందనుకున్నాను. అదీ తెలుసు."

ఈసారి బల్ల కదల్లేదు.

రొట్టెలక్క ఒక రొట్టె తీసుకుంది. దొడ్డిదారిన చుట్టి వెళ్దామని తిరిగింది. గుమ్మం నిండా తన వాళ్ళే. ఆమె మొహం చూడకుండా, పక్కకి తొలగకుండా నిలబడి ఉన్నారు. ఒక క్షణం చూసి, అంత భారీ మనిషీ మోకాళ్ళ మీద కూలబడి బల్ల కిందకి దూరింది.

కింద మరిది బిగించిన కాళ్ళు అడవిలా ఉన్నాయి. ఏళ్ళనాటి పిండి, ఎండిన రొట్టె ముక్కలు. రొట్టెని గుండెకి హత్తుకుని, తల కొట్టుకుంటూ, ఆయాసపడుతూ పాకింది. ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే ఆపేశారు. కుట్టుపనామె చెప్పుల ముందు తేలి, మెట్టు పట్టుకుని లేచి, రొట్టెని ఆమె చేతిలో పెట్టింది. వేళ్ళు తగిలాయి. సూది పోట్లతో గరుగ్గా ఉన్న వేళ్ళు. అంతకంటే ఏమీ కాలేదు.

కుట్టుపనామె రొట్టెని తిప్పి చూసింది. "నలిగిపోయింది" అంది.

"ఇంకోటి తెస్తాను."

"వద్దులెండి, మళ్ళీ దూరతారా ఏంటి?"

రెండు వైపులా నవ్వారు. కుట్టుపనామె నవ్వలేదు. "మీరు చెప్పింది నాకు ముందే తెలుసు అక్కా. నాకు తెలుసని మీకూ తెలుసు. ఇన్నేళ్ళూ ఇద్దరం రొట్టె బాగా కాలిందా లేదా అనే మాట్లాడుకున్నాం."

రొట్టెలక్క మోకాళ్ళ పిండి దులుపుకుంటూ, "దారి దొరికితే పైగది నీకే" అంది.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచేసరికి బల్ల మెట్ల దగ్గరనుంచి కొంచెం వెనక్కి తగ్గి ఉంది. కుట్టుపనామె వచ్చి మెడలోని టేపు తీసి ఆ సందు కొలిచింది.

"మిషను పడుతుంది. మంచం పట్టదు."

రొట్టెలక్క ఆ సందుని చూసింది. "ఎలా మరి?"

"నేలమీద పడుకుంటాను. వచ్చే ఆదివారం మళ్ళీ అందరం కూర్చుందాం. మంచం సంగతి అప్పుడు చూద్దాం."

మిషనుని మరిది ఒకవైపు, తాళాలాయన ఒకవైపు పట్టి, గోడకి రాసుకుంటూ పైకెక్కించారు. కాసేపటికి పైనుంచి టకటకమని చప్పుడు మొదలైంది. రొట్టెలక్క మొదటి వాయిలో బాగా కాలిన రొట్టె ఒకటి కుట్టుపనామెకని ఏరింది. గోడకి ఆనించి ఉన్న పారని చూసి, దాన్ని అక్కడే వదిలేసి, బల్ల కిందకి వంగింది.