పట్ట తీసే వేళ

రాజేశ్వరి చేతివేళ్ళు ఎనిమిదిన్నరకి గానీ నిద్ర లేవవు. ఆ సంగతి కూతురు శ్రీదివ్యకి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. బ్రాడీపేట డాక్టరమ్మ ఆ జబ్బుకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు చెప్పి మందులు రాసింది. ఆరు నెలలు వాడేసరికి వాపులు తగ్గాయి. పొద్దుటిపూట వేళ్ళు బిగుసుకుపోవడం మాత్రం ఇంకా వదల్లేదు.

మిరప కోతలకి ఆటో ఆరింటికే బయల్దేరుతుంది. ఓ సాయంత్రం కూలీల ముఠా పెద్ద సుబ్బరావమ్మ గడపలోంచే కేకేసింది.

"రాజేశ్వరీ, రేపట్నుంచి బుల్లయ్య చేలో రెండో కోత. వస్తున్నావా?"

"రాక ఏం చేస్తానత్తా!" అంది రాజేశ్వరి, చేతులు కొంగు కింద దాచుకుని.

ఒక్కసారి రానంటే ఇంక పిలవరని ఆమె భయం. వెళ్తే ఏమవుతుందో శ్రీదివ్యకి తెలుసు. కిందటేడు కోతలు అయ్యేసరికి అమ్మ మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది.

ఎవరైనా ఇంటికొస్తే తలుపు వెనక్కి పోయే పిల్ల, ఈసారి అక్కడే నిలబడి నేల చూస్తూ అనేసింది. "అమ్మకి పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు అమ్మమ్మా. ఎనిమిదిన్నర దాటాలి."

"నోర్ముయ్యవే!" అంది రాజేశ్వరి.

"అదెందుకు మూసుకోవాలి?" సుబ్బరావమ్మ అరుగు మీద చతికిలబడింది. "మూడు వేళ్ళతో కాయ తుంచుతుంటే నాకు కళ్ళు లేవనుకున్నావా? నువ్వే చెప్తావని చూస్తున్నా. బెల్లం కొట్టిన రాయల్లే ఊరుకున్నావు."

"చెప్తే తీసేస్తావని..."

"తీసేసి ఏం చేసుకోను? రంగు పోయిన తాలుకాయ పట్టడంలో నీ కన్ను ఎవరికుంది? మొదటి కోత కాయ కళ్ళంలో ఎండుతోంది. ఏరడానికి రా."

"మరి పొద్దున్నే..."

"పిచ్చిమొహమా! మంచు ఆరకుండా కాయ మీద రాత్రి కప్పిన పట్ట ఎవరైనా తీస్తారా? కాయలే తొమ్మిదింటికి లేస్తాయి. నీకేంటంత తొందర?"

రాజేశ్వరి పకపకా నవ్వింది. చేతులు కొంగులోంచి బయటికొచ్చాయి.

మర్నాడు ఆరింటికి ఆటో హారన్ కొట్టుకుంటూ వీధి దాటిపోయింది. రాజేశ్వరి గోరువెచ్చని నీళ్ళలో చేతులుంచి, వేళ్ళు మెల్లగా ముడుస్తూ చాస్తూ కూర్చుంది. తొమ్మిదింటికి కళ్ళానికి నడిచి వెళ్ళింది.

సాయంత్రం వస్తూనే, "దువ్వెన తేవే," అంది.

శ్రీదివ్య తన జడ తనే వేసుకోవడం మొదలుపెట్టి ఏడాదైంది. సబ్బుతో ఎంత కడిగినా అమ్మ చేతుల ఘాటు పోలేదు. శ్రీదివ్య రెండుసార్లు తుమ్మింది.

"కదలకు," అంది రాజేశ్వరి, జడ పాయలు తీస్తూ.

"అబ్బా, గట్టిగా లాగకమ్మా," అంది శ్రీదివ్య. ఇంకాస్త లాగినా బాగుండునని మనసులో అనుకుంది.