సూరన్న చూపించే ఊరు

పడవ అడుగున చేరిన నీళ్లను డాల్డా డబ్బాతో తోడి పోస్తున్నాడు సూరన్న. రేవులో అప్పటికే చేపల బేరాలు మొదలయ్యాయి. రాత్రి కురిసిన మంచుకు పడవ చెక్కల మీద ఓడరేవు నుంచి ఎగిరొచ్చిన ఇనప ఖనిజపు ఎర్ర దుమ్ము ముద్దగా అంటుకుపోయింది. దాన్ని తడిగుడ్డతో తుడిచి, వచ్చే మనిషి కూర్చునే చోట గోనెపట్టా పరిచాడు.

యాభై ఆరేళ్ల మనిషి. ఎండకీ ఉప్పుగాలికీ ఒళ్లు నల్లగా, గరుకుగా తేలింది. కాలివేళ్లు ఎడంగా విచ్చుకుని, నేలని పట్టుకున్నట్టుంటాయి. ఎడమ కంట్లో పొర. నాలుగు రోజులుగా ఎడమ జబ్బ లాగుతోంది. తెడ్డు వేసే చెయ్యి లాగకేం చేస్తుందని ఊరుకున్నాడు.

వన్ టౌన్‌లోని లాడ్జి గుమస్తా అర్జునరావు ఊరు చూడవచ్చినవాళ్లని అతని దగ్గరికి పంపుతాడు. గైడు అన్న పేరు పెట్టిందీ అతనే. సూరన్నకి చదువు రాదు. పాత ఊరి సందులు, మూడు కొండల మీది గుడి, దర్గా, చర్చి, ఉప్పుటేరు పాయలు, మడచెట్లలో వాలే కొంగలు అతనికి తెలుసు. అడిగింది చూపిస్తాడు. అడగనిది ఒకటి చివర్లో చెబుతాడు. అది విన్నవాళ్లు ఊరు మరిచిపోయినా సూరన్నని మరిచిపోరని అర్జునరావు అంటుంటాడు.

ఎనభై నాలుగో సంవత్సరం మాఘమాసంలో, ఆ ఉదయం వచ్చినాయన పేరు శ్రీరామ్మూర్తి. బెజవాడ నుంచి వచ్చాడు, వారపత్రికకి రాస్తాడట. నలభై ఉంటాయి. భుజాన కెమెరా, చేతిలో తోలు తొడుగున్న టేప్ రికార్డరు. మర్యాదస్తుడు. సిగరెట్టు తనొకటి వెలిగించి సూరన్నకీ ఒకటిచ్చాడు.

ఎండెక్కేలోపు కొండలు ఎక్కించి దించాడు సూరన్న. తర్వాత పడవెక్కించాడు. ఓడలు పేరుపేరునా చూపించాడు. డాల్ఫిన్ నోస్ కొండకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పాడు. శ్రీరామ్మూర్తి తలూపుతూ రాసుకున్నాడు గానీ టేపు తియ్యలేదు. పడవ మడచెట్ల మధ్యకి మళ్లి, నీళ్లు కదలకుండా పచ్చగా పరుచుకున్న చోటికి వచ్చాక, ఒక ఇసకదిబ్బ పక్కన ఆగింది.

అక్కడ ఒకప్పుడు పేట ఉండేది. అరవై గుడిసెలు. సూరన్న ఇల్లూ అక్కడే. ఆ పేట ఆడవాళ్లు చేపల గంపలతో రోజూ ఏరు దాటి టౌన్‌కి వచ్చేవారు. పందొమ్మిదేళ్ల కిందట ఒక పొద్దున ఈదురుగాలికి పడవ తిరగబడింది. సూరన్న భార్య పైడితల్లి, ఏడేళ్ల కూతురు చిలకమ్మ అందులో పోయారు. తానూ ఆ పడవలోనే ఉన్నాననీ, నీళ్లలోకి దూకి పైడితల్లి జుట్టు అందుకున్నాననీ, అది చేతిలోంచి జారిపోయిందనీ సూరన్న చెప్పాడు. ఇన్నేళ్లుగా చెబుతున్నట్టే, ఆగాల్సిన చోట ఆగి, కుడిచెయ్యి చాపి చూపించి మరీ చెప్పాడు.

శ్రీరామ్మూర్తి రికార్డరు తోలు తొడుగు విప్పాడు. టేపు మీదికి ఇంకోసారి చెప్పమన్నాడు.

రెండోసారి చెబుతుంటే ఒక మాట దొర్లిపోయింది. పడవ ఒరిగిపోవడం దూరాన్నుంచి చూస్తే కొంగ రెక్క వాల్చినట్టుందని అన్నాడు.

శ్రీరామ్మూర్తి మీట నొక్కి టేపు ఆపాడు. గొంతులో కోపం లేదు.

"పడవలో ఉన్నవాడికి దూరాన్నుంచి ఎలా కనిపించింది సూరన్నా?"

సూరన్న తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. అడిగింది చూపించడం మాత్రమే తెలిసిన మనిషికి దాటెయ్యడం చేతకాలేదు.

"నాను ఆ పడవలో లేను బాబూ," అన్నాడు. "ఇద్దరు దొరబాబులు కొండ సూడాలంటే ఆళ్లని ఎక్కించుకుని ఎల్లిపోతన్నాను. పైడితల్లి అడిగింది. ఆ పడవకి సిల్లుంది, మమ్మల్ని నువ్వే దాటించు అంది. బాబులకి ఆలీసమైపోద్ది, దాన్లోనే ఎల్లమన్నాను."

టేపు మళ్లీ తిరుగుతోందని అతను గమనించలేదు.

"ఎనకాల అరుపులినపడ్డాయి. ఏటది అని బాబులడిగారు. రేవు కాడ ఆడోళ్లు ఎప్పుడూ అలాగే అరుత్తారండీ అన్నాను. ఆళ్లు బయపడతారని. అందులో ఒక గొంతు అయ్యా అంది. అది నా పిల్లదని తెలిసింది బాబూ. తెలిసీ రెండు తెడ్లు ముందుకే ఏసేను."

కొంగ ఒకటి లేచి అవతలి గట్టుకి పోయింది. శ్రీరామ్మూర్తి టేపు వెనక్కి తిప్పి చెవికి ఆనించుకుని విన్నాడు. అతని మొహంలో నిజంగానే జాలి ఉంది. వేలితో కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఇదే బావుంది సూరన్నా. ఆ జుట్టు కథకంటే ఇదే బావుంది. కానీ గాలి చప్పుడు కూడా టేపులోకి వచ్చేసింది. మళ్లీ మొదట్నుంచీ చెప్పు. ఆ పిల్ల పిలుపు కూడా, తను పిలిచినట్టే."

సూరన్న చెప్పాడు. గాలికి అడ్డంగా తువ్వాలు పట్టుకుని చెప్పాడు. పిలుపు దగ్గరికొచ్చేసరికి గొంతు సన్నం చేసి పిలిచాడు. చాలలేదన్నాడు శ్రీరామ్మూర్తి. రెండోసారి పిలిచాడు. ఆ రెండోసారి గొంతులోంచి వచ్చింది తన గొంతు కాదు. పందొమ్మిదేళ్లుగా పిల్ల మొహం అయినా సరిగా గుర్తురాని మనిషికి, చివర్న కాస్త సాగదీసే ఆ పిలుపు ఉన్నదున్నట్టుగా తన నోట్లోంచే వచ్చింది. ఎడమ జబ్బలోంచి నొప్పి రొమ్ములోకి దిగింది.

మధ్యాహ్నం దాటిపోయింది. శ్రీరామ్మూర్తి సంచిలోంచి రొట్టె, అరటిపళ్లు తీసి తిన్నాడు. ఫొటోలు తీసుకున్నాడు. దిబ్బ వైపు చూడమన్నాడు, నీళ్ల వైపు చూడమన్నాడు. చూశాడు సూరన్న.

తిరిగి వస్తుండగా దారిలో ఒక్కటే అడిగాడు.

"ఆ ఒక్క పిలుపూ నాకొక్కపాలి ఇనిపిత్తారా బాబూ?"

శ్రీరామ్మూర్తి రికార్డరు వైపు చూసుకున్నాడు. బ్యాటరీలు నీరసపడ్డాయనీ, సాయంత్రం రైల్లో ఇంకొకరితో మాట్లాడే పని ఉందనీ నొచ్చుకుంటూ చెప్పాడు. పత్రికలో పడ్డాక కాపీ పంపిస్తానన్నాడు. తనకి చదువు రాదని సూరన్న చెప్పలేదు. సరేనండి బాబూ అన్నాడు.

రేవు చేరేసరికి పొద్దు వాలింది. శ్రీరామ్మూర్తి దిగి, చెయ్యి కలిపి, మంచి గైడువని భుజం తట్టాడు. తట్టింది ఎడమ భుజం. అతను మెట్లెక్కి సందు తిరిగేదాకా సూరన్న నిలబడి చూశాడు. తర్వాత పడవ అంచు మీద కూర్చున్నాడు. నోరు తెరిచి, మెల్లిగా, పిల్ల గొంతుతో పిలవబోయాడు. రాలేదు. తన బొంగురు గొంతే వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాడు. పక్కన గంపలు కడుగుతున్న గంగాలమ్మ తలెత్తి, ఎవర్ని పిలుస్తున్నావని అడిగింది. అతను పడవలోకి జారి, పలకకి తల ఆనించాడు. కునుకుతున్నాడనుకుంది. గంపలన్నీ కడిగి బోర్లించాక, వెళ్తూ వెళ్తూ లేపడానికి భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

మోసుకుపోవడానికి నలుగురు దొరికారు. ఏడవడానికి మనిషి దొరకలేదు.

మర్నాడు అర్జునరావు ఇద్దరిని పంపాడు. సూరన్న లేడంటే, పడవ ఉంది కదా అన్నాడట. తాతబాబు అనే ఇంకో జాలరి సూరన్న పడవలో నీళ్లు తోడి, గోనెపట్టా దులిపాడు. ముందు పలక కింద అతని చేతికి సత్తుగిన్నె తగిలింది. నిన్న పొద్దున సూరన్న తన కోసం వండుకున్న అన్నం. పోయినవాడి కూడు పడవలో ఉంచకూడదని దాన్ని తీసి రేవు మెట్టు మీద పెట్టి, వచ్చినవాళ్లని ఎక్కించుకుని వెళ్లిపోయాడు. గిన్నె చుట్టూ కట్టిన చింకి తువ్వాలు ముడి అలాగే బిగిసి ఉంది. చీమలు దాని మీదికి ఎక్కుతున్నాయి.