లైబ్రరీ వాళ్ల మ్యాచ్‌కి అంపైరు

మా యూనివర్సిటీ లైబ్రరీ స్టాఫ్ మ్యాచ్‌కి నన్ను అంపైర్‌గా వేశారని తెలిసి ఒంటికాలి మీద లేచాను. నాకు క్రికెట్ రాదు. రాదంటే అసలు రాదు. ఆ ఏడాది ప్రపంచకప్పు రోజుల్లో తార్నాకలో మా వీధి వీధంతా టీవీలకు అతుక్కుపోతే, నేను వరండాలో కూర్చుని హాయిగా బియ్యం ఏరుకున్నదాన్ని.

"అందుకేనమ్మా విజయకుమారీ, నిన్ను వేసింది" అన్నారు సూపరింటెండెంట్ పేరయ్యగారు. "ఆట తెలిసినవాడు ఎటో ఒకవైపు మొగ్గుతాడు. తెలియని మనిషికి ఆ బాధ లేదు."

పోయినేడు ఆఫీసర్ల జట్టుకీ స్టాఫ్ జట్టుకీ ఒక రనవుట్ మీద గొడవై, ఆర్నెల్లపాటు రెండు జట్లవాళ్లూ ఒకే క్యాంటీన్ బల్ల దగ్గర టీ తాగలేదు. అంపైర్లు ఇద్దరు కావాలి. ఒకరు ఆటల విభాగం వెంకటేశం. రెండో మనిషిగా ఎవరి పేరు చెప్పినా ఎవరో ఒకరు వద్దంటున్నారట.

"పైగా నువ్వు అవుటంటే కాదనే మొనగాడు ఈ లైబ్రరీలో ఎవడున్నాడు?" అని కూడా అన్నారాయన. నేనది పొగడ్తే అనుకున్నాను. పద్నాలుగేళ్లుగా అందరి సెలవులూ, సర్వీసు రిజిస్టర్లూ చూసే సీటు నాది. మెత్తగా ఉంటే నెత్తినెక్కి కూర్చుంటారని మొదటి వారంలోనే తెలుసుకున్నాను.

ఒప్పుకున్నాక మాత్రం ఊరుకోలేకపోయాను. తెలియని పని చేతిలోకొస్తే నాకు నిద్ర పట్టదు. రూల్స్ పుస్తకం తెచ్చుకుని నాలుగు పేజీలు చదివేసరికి తల తిరిగింది. మా ఆయన శాంతికుమార్‌ని అడిగితే, "నీకెందుకు, వేలెత్తమన్నప్పుడు ఎత్తు" అని నవ్వాడు. ఆ పూట ఆయనకి చారన్నంతోనే సరిపెట్టాను.

నాకు దొరికిన అసలు గురువు రాములవ్వ. సీతాఫల్‌మండి నుంచి రోజూ గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, యూనివర్సిటీ గ్రౌండ్ అంచున పల్లికాయ అమ్ముకుంటుంది. ఇరవై ఏళ్లుగా అక్కడ జరిగిన ప్రతి ఆటా చూసింది. అక్షరం ముక్క రాదు. శుక్రవారం ఆఫీసు అయ్యాక వెళ్లి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను.

"గిదేం బ్రహ్మవిద్యనా బిడ్డ" అంటూ గోనెసంచి మీద పల్లికాయలు పరిచింది. నిలువుగా మూడు పెట్టి, "గివి వికెట్లు. గీటి ముంగట బ్యాటోడు. ఆరు బంతులేస్తె ఓవరు. ఆరిట్ల ఒక్క పరుగు గూడ రాకపోతె మెయిడిను."

"స్లిప్ అంటే?"

వికెట్ల వెనక పక్కగా రెండు కాయలు పెట్టింది. "బంతి బ్యాటు అంచుకు తాకి జారుతది సూడు, గది పట్టనీకి నిలవడేటోళ్లు. వికెట్ల ఎనకనే సక్కగ నిలవడేటోడు కీపరు, చేతులకు తొడుగులుంటయి."

"మరి సిల్లీ పాయింటో?"

బ్యాటోడి మూతి దగ్గరే ఒక కాయ పెట్టింది. "గీడ. పండ్లు రాలగొట్టుకునేటోడు."

నాకు నవ్వాగలేదు. నోబాల్ అంటే బంతి వేసేవాడి కాలు గీత దాటడం, బై అంటే బ్యాటుకీ ఒంటికీ తగలకుండా వచ్చిన పరుగు, ఎల్బీ అంటే వికెట్లకు తగలబోయే బంతికి కాలు అడ్డం పెట్టడం. ఒక్కొక్కటీ అర్థమవుతుంటే, పద్నాలుగేళ్లు ఈ గ్రౌండ్ పక్కనుంచే నడుస్తూ ఇదంతా చూడకుండా ఎలా పోయానా అనిపించింది. చీకటి పడుతోందని రాములవ్వే నన్ను లేపి పంపింది. వికెట్లని చెప్పిన మూడు కాయలూ నేనే ఒలుచుకు తిన్నాను.

ఆదివారం పొద్దున్నే చీర మీద తెల్లకోటు వేసుకుని నిలబడ్డాను. స్టాఫ్ వాళ్లు ముందు ఆడి తొంభై ఆరు కొట్టారు. తర్వాత ఆఫీసర్ల తరఫున మా అందరి పై అధికారి, లైబ్రేరియన్ ఉమాపతిగారు బ్యాటు పట్టుకుని దిగారు. నా వైపు నుంచి బంతి వేస్తున్నది సామేలు. పుస్తకాలు సర్దే అటెండరు, తొమ్మిదేళ్లుగా డైలీ వేజ్ మీదే ఉన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. కానీ బంతి చేతిలోకొస్తే ఎవరో వేరే మనిషిలా పరుగెత్తుకొస్తున్నాడు. అది చూడటానికే నాకు ముచ్చటేసింది.

ఉమాపతిగారు నాలుగు పరుగుల దగ్గర ఉండగా సామేలు వేసిన బంతి బ్యాటు అంచుకి టిక్కుమని తాకింది. ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. వెనక కీపర్‌గా ఉన్న బైండింగ్ సెక్షన్ కృష్ణ బంతిని చక్కగా పట్టుకున్నాడు.

ఇక అందరూ గావుకేకలు పెడతారని ఎదురుచూశాను. టీవీల్లో అంతే కదా. ఒక్కడూ నోరు మెదపలేదు. కృష్ణ బంతిని మెల్లగా సామేలుకి విసిరేశాడు. సామేలు ప్యాంటుకి బంతి రుద్దుకుంటూ వెనక్కి నడిచాడు. ఉమాపతిగారు ఒకసారి బ్యాటు వైపు చూసుకుని మళ్లీ నిలబడ్డారు. నాకు తెలియని రూల్ ఇంకేదో ఉందేమోనని వేలు ఎత్తకుండా ఉండిపోయాను.

మంచినీళ్లకు ఆట ఆపగానే రాములవ్వ దగ్గరికి పోయాను. "అవ్వా, అది అవుట్ కాదా?"

"అవుటే. గీడికి ఇనవడ్డది."

"మరి?"

"అడిగిండ్రా నిన్ను? అడగంది అంపైరు ఇయ్యొద్దు. గది రూలు. మల్లొక్క బంతి వడకముందే అడగాలె. అడగకుంటె అమ్మయినా పెట్టదంటరు, ఇనలేదా?"

"కళ్లారా చూసినా ఇవ్వకూడదా?"

"సూసినా గంతే."

ఇంత వింత రూల్ పుస్తకంలో ఏ పేజీలో ఉందో నా కంట పడలేదు. "మరి ఎందుకు అడగలేదు వీళ్లు?"

రాములవ్వ గొంతు తగ్గించింది. "సామేలును పర్మనెంట్ జేసే కాయితం సారు టేబుల్ మీదున్నదట గద. నాలుగు నెలలాయె. సంతకమొక్కటే తక్కువ. గిసొంటప్పుడు గా సారునే అవుటని ఎట్లంటడు పాపం? తక్కినోళ్లకు గూడ ఏదో ఒక పని ఉంటది సారుతోని."

నాకు ఒళ్లు మండిపోయింది. పదకొండుమంది మగవాళ్లు, ఒక్క మాట అడగలేకపోయారు.

ఆట మళ్లీ మొదలైంది. ఉమాపతిగారు ముప్ఫై ఒకటి దాకా వచ్చారు. ఆయన ఉంటే గెలుపు ఆఫీసర్లదే. సామేలుకి మిగిలింది ఒకటే ఓవరు. అందులో నాలుగో బంతికి మళ్లీ టిక్కుమంది. మళ్లీ కృష్ణ పట్టాడు. మళ్లీ అదే నిశ్శబ్దం. కృష్ణ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. సామేలు బంతి అందుకుని వెనక్కి నాలుగడుగులు వేశాడు. పోయింది, ఇదీ పోయింది అనుకున్నాను.

అతను ఆగాడు. నా వైపు తిరిగాడు. ముఖమంతా చెమట.

"మేడం, గది అవుటేనా?" అన్నాడు. కేక కాదు. నాకూ అతనికీ తప్ప ఎవరికీ వినిపించనంత మెల్లగా అడిగాడు.

నిజం చెప్తాను, కాదని అనబోయాను. కాదంటే అతను అడిగిన తృప్తి అతనికి ఉంటుంది, అతని కాయితానికీ ఢోకా ఉండదు. తొమ్మిదేళ్లు. ఇద్దరు పిల్లలు. నా ఒక్క వేలితో అదంతా పాడుచేయాలా? కానీ అతను నా కళ్లలోకి చూస్తున్నాడు. ఏం జరుగుతుందో నాకంటే బాగా తెలిసే అడిగాడు. అలా అడిగిన మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. వేలెత్తాను.

ఉమాపతిగారు నా పక్కనుంచి వెళ్తూ ఆగారు. "ఇందాక నాలుగు దగ్గర కూడా తగిలినట్టే అనిపించింది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి నేనే పొరబడ్డాననుకున్నాను. మీరెందుకు ఇవ్వలేదమ్మా?"

"ఎవరూ అడగలేదు సార్."

"ఎందుకు అడగలేదు?"

నా నోరు ఊరుకోలేదు. "సామేలు ఫైలు నాలుగు నెలలుగా మీ టేబుల్ మీద పెట్టుకున్నారు. ఇంకెవరు అడుగుతారు సార్?"

ఆయన గ్లోవ్స్ విప్పుకుంటూ నా ముఖంలోకి చూశారు. "సామేలు ఫైలా? నా దగ్గరికి రాలేదే."

అబద్ధమనుకున్నాను. స్టాఫ్ జట్టు ఆరు పరుగులతో గెలిచి చిందులేస్తున్నా నాకు ఆ మాటే బుర్రలో తిరిగింది. ఆ ఫైలు ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో రాతపూర్వకంగా ఆయన ముందు పెట్టాలని సోమవారం తొమ్మిదిన్నరకే ఆఫీసుకి వెళ్లాను. తపాలా రిజిస్టర్ తీసి వెనక్కి తిప్పుకుంటూ పోయాను. ఆగస్టు పన్నెండు. సామేలు సర్వీసు విషయం. తీసుకున్నవారి సంతకం ఉన్న చోట 'వి.కుమారి' అని ఉంది.

నా బీరువాలో, కింది అరలో, తాడు కట్టిన కట్టలో దొరికింది. సర్వీసు సర్టిఫికెట్ ఒకటి జతచేసి పైకి పంపాలి. అది రాయాల్సింది నేనే. తర్వాత రాద్దామని పక్కన పెట్టి మర్చిపోయాను. టైపు చేయడానికి పది నిమిషాలు పట్టింది. ఉమాపతిగారి దగ్గరికి నేనే పట్టుకెళ్లాను. ఆయన ఫైలు మీద తేదీ చూశారు, నా వైపు చూశారు, ఏమీ అనకుండా సంతకం పెట్టారు. ఒక మాట అని ఉంటే బాగుండేది.

సామేలుని పిలిపించి, ఫైలు రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లిపోయిందనీ, ఇన్నాళ్లూ నా దగ్గరే పడి ఉందనీ చెప్పాను. అతను తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి నాకు అనుమానం వచ్చింది.

"నీకు తెలుసా నా దగ్గరుందని?"

"ఎర్క లేదు మేడం. సారు దగ్గరున్నదని అందరన్నరు."

"మరి ఎక్కడుందో నన్ను ఒక్కసారి అడగొచ్చు కదా సామేలూ? నాలుగు నెలల్లో ఒక్కసారి."

అతను బల్ల అంచు వైపు చూస్తూ నిలబడ్డాడు. "మీ టేబుల్ దాక రెండుసార్లు వచ్చిన మేడం. రెండుసార్లు మీరు ఎవల్నో తిడుతున్నరు. వాపసు పోయిన."

నిన్న ఉమాపతిగారు అవుటా అని నన్ను అడిగిన మనిషి ఇతనే.

"కూర్చో" అన్నాను, నాకు వీలైనంత మెత్తగా.

సామేలు ఒకడుగు వెనక్కి వేశాడు. "తప్పయింది మేడం" అన్నాడు.