ఐలా బిగించిన టైర్లు

మే నెల మధ్యలో, మంచులో జారకుండా దారుల మీద చలికాలమంతా చల్లిన గులకను ఊడ్పు బండ్లు ఎత్తేశాక, మా వరుస ఇళ్ళవాళ్ళమంతా ఒక శనివారం పెరట్లో కలుస్తాం. కుళ్ళిన ఆకులు ఎత్తుతాం, బల్లలకు రంగు వేస్తాం, చివర్లో నిప్పుల మీద సాసేజీలు కాల్చుకుని కాఫీ తాగుతాం. అదే రోజు అందరూ సైకిళ్ళను తలకిందులుగా నిలబెట్టి, మంచు కోసం వేసిన మేకుల టైర్లు విప్పి, వేసవి టైర్లు ఎక్కిస్తారు. ఈ ఏడాది నేను ఆకులు ఎత్తాను, రంగు వేశాను. సైకిలు జోలికి పోలేదు.

“ఏం మాస్టారూ, జూన్‌లో మంచు పడుతుందని రేడియోలో గానీ చెప్పారా?” అంది పక్కింటి కెర్తు. ఎనభై దాటిన మనిషి. మా ఔలు ఊరి వీధుల్లో సైకిలు మీద ఉత్తరాలు పంచి, పంచి, పదవీ విరమణ చేసింది. “పొద్దున్నే మీరు బయల్దేరితే చాలు, రోడ్డంతా చిటపటలు. నా పిల్లి మంచం కింద దూరుతోంది.”

“తర్వాత మారుస్తాను కెర్తుగారూ.”

“తర్వాతంటే ఎప్పుడో?”

నేను రంగు డబ్బాకు మూత బిగించాను. ఆమె ఒక సాసేజీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

“తినండి. మనిషి సగమయ్యారు.”

ఆ టైర్లు వేసింది నా భార్య ఐలా. ఏటా అక్టోబరులో తొలి మంచు కబురు వినగానే మా ఇద్దరి సైకిళ్ళకూ తనే మార్చేది. కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆమె వృత్తి. ఊడిపోయిన మేకును పట్టకారుతో తిరిగి కూర్చోబెట్టేటప్పుడు, పని బల్ల మీద పన్ను అమర్చేటప్పటి ముఖమే పెట్టేది. నాకు సుద్దముక్క తప్ప మరే పనిముట్టూ చేతిలో నిలవదు. జనవరి చివర్లో ఆమె ఆ పని బల్ల దగ్గరే ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. సాయంత్రానికి అంతా అయిపోయింది.

ఇప్పుడు ఆ టైర్లు విప్పితే, నా కోసం ఆమె చేసిన ఆఖరి పనిని విప్పినట్టే. అంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

ఇరవై ఏళ్ళకు పైగా మేమిద్దరం కలిసే పనికి వెళ్ళాం. సముద్రపు పాయ పక్కనుంచి, భూర్జ చెట్ల మధ్యగా, నది మీది వంతెన దాకా దారి ఒకటే. అక్కడ ఆమె ఎడమకు తిరిగేది, నేను బడి వైపు తిన్నగా పోయేవాణ్ణి. వేసవిలో పక్కపక్కనే తొక్కేవాళ్ళం. దారి పొడుగునా మాటలే. తలుపుకు ఏ రంగు వేయాలన్న దగ్గర్నుంచి దేవుడున్నాడా లేడా అన్నదాకా. పోట్లాడుకున్నా వేసవిలోనే. ఒకసారి ఆమె కోపంతో ముందుకు దూసుకుపోయింది. వంతెన దగ్గర నేను వచ్చేదాకా ఆగి, ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కణ్ణుంచే తిట్టడం మళ్ళీ మొదలుపెట్టింది.

చలికాలంలో అలా కుదరదు. బండి మంచును తోసిన మేరకే బాట. ఉదయం పూట కటిక చీకటి. ముక్కూ నోరూ ఉన్నిలో చుట్టుకుని, ఒకరి వెనక ఒకరు పోవాలి. ఊపిరి ఆవిరి కనురెప్పల మీద గడ్డకడుతుంది. మాట్లాడదామని నోరు తెరిస్తే పళ్ళు జివ్వుమంటాయి. ముందు ఐలా, వెనక నేను. ఆమె సైకిలు వెనక ఎర్ర దీపం తప్ప నాకేమీ కనిపించేది కాదు. కానీ వినిపించేది. గట్టిపడ్డ మంచు మీద మేకులు కరకరమంటాయి. గాలికి మంచు ఎగిరిపోయి తారు బయటపడ్డ చోట చిటపటమంటాయి. నున్నటి మంచుగడ్డ వస్తే ఆ చప్పుడు ఒక్కసారిగా సన్నబడుతుంది. అది విని నేను ముందే నెమ్మదించేవాణ్ణి. చలికాలంలో ఆమె నాతో మాట్లాడింది ఆ విధంగానే. వంతెన దగ్గర వెనక్కి తిరక్కుండా చెయ్యి పైకెత్తి వెళ్ళిపోయేది. మా కాపురంలో మాటలన్నీ వేసవివి. నమ్మకం మాత్రం చలికాలంలో కుదిరింది.

ఏప్రిల్‌లో దారి మీద మంచు కరిగాక, నా చక్రాల కిందే ఆ చిటపట మొదలైంది. తల వంచుకుని తొక్కితే అది ముందునుంచి వస్తున్నట్టే ఉండేది. అందుకని తల వంచుకునే తొక్కాను.

బడి చివరి రోజున పిల్లలు గేటు దగ్గర కాపుకాశారు.

“మాస్టారూ, ఉత్తర ధ్రువానికా ప్రయాణం?”

“ధ్రువపు ఎలుగుబంటి కనిపిస్తే మా నమస్కారాలు చెప్పండి!”

ఒక పిల్ల మాత్రం దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. “మీకు వేసవి టైర్లు లేవా అని మా అమ్మ అడగమంది. మా ఇంట్లో పాతవి ఉన్నాయి.”

“ఉన్నాయమ్మా, షెడ్డులో ఉన్నాయి.”

“మరి?”

“బద్ధకం.”

అందరూ గట్టిగా నవ్వారు. బద్ధకం వాళ్ళకు బాగా తెలిసిన సంగతి.

సెలవుల్లో బడి దారి వదిలి శ్మశానం దారి పట్టాను. ఐలా చెల్లెలు సిర్కా కూడా పూలకు నీళ్ళు పోయడానికి అక్కడికి వచ్చేది. రాత్రి కూడా చీకటి పడని రోజులవి. ఎప్పుడు వెళ్ళినా ఎవరో ఒకరు నీళ్ళ డబ్బాతో తిరుగుతూ ఉండేవారు.

“బావా, నువ్వొస్తుంటే ఈ వరసంతా తలెత్తి చూస్తోంది,” అంది సిర్కా. “ఈ చప్పుడుకి చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.”

“ఒక్కరు లేస్తే చాలు.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. సిర్కా ముఖం తిప్పుకుంది. కాసేపు ఎండిన రేకులు గిల్లి, లేచి వచ్చి నా వెనక చక్రం మీద అరచెయ్యి ఆనించింది.

“ఇవి చవక రకం ఇనుప మేకులు. తారు మీద ఎన్నాళ్ళుంటాయి బావా? అప్పుడే అరుగుతున్నాయి చూడు. అంత దాచుకోవాలనుంటే షెడ్డులో వేలాడదీసి బస్సెక్కు.”

“వేలాడదీస్తే చప్పుడు రాదుగా.”

ఆమె సంచిలోంచి యాలకుల బన్ను తీసి, తుంచి, సగం నాకిచ్చింది. సమాధి పక్కన గడ్డిలో కూర్చుని తిన్నాం.

ఆమె అన్నది నిజమని నాకూ తెలుసు. తొక్కితే అరిగిపోతాయి, తొక్కకపోతే మూగబోతాయి. మూడో దారి కోసం నేను వెతకలేదు. రోజూ తొక్కాను.

ఆగస్టులో బడి తెరిచేసరికి చప్పుడు తగ్గింది. మొదట్లో అది నా చెవుల లోపమనుకున్నాను. సెప్టెంబరులో పిల్లలు ఎగతాళి మానేశారు. ఒకరోజు కెర్తు కంచె మీదుగా పిలిచింది.

“మొత్తానికి మార్చారన్నమాట! నా పిల్లి ప్రాణం కుదుటపడింది.”

“అవునండీ,” అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళాక వంగి టైరు తడిమి చూశాను. మేకులన్నీ రబ్బరుతో సమానంగా అరిగిపోయాయి. వేళ్ళకు నునుపు తప్ప ఏమీ తగల్లేదు. అయినా వాటినే తొక్కాను. చప్పుడు పోయినా అవి ఆమె బిగించినవే కదా అనుకున్నాను.

అక్టోబరు వచ్చింది. పెరట్లో మళ్ళీ సైకిళ్ళు తలకిందులయ్యాయి. నా సైకిలుకు మేకుల టైర్లే కనిపిస్తున్నాయి కాబట్టి, ముందే మార్చేశాననుకుని నన్నెవరూ ఏమీ అడగలేదు. నీళ్ళు తొలిసారి గడ్డకట్టిన ఉదయం, పెద్ద రోడ్డు కిందనుంచి పోయే సొరంగం బాట దిగుతున్నాను. కింద నీళ్ళు నున్నగా గడ్డకట్టి ఉన్నాయి. చెవులకు ఏ హెచ్చరికా అందలేదు. ముందు చక్రం పక్కకు పోయింది. మణికట్టు విరిగిన శబ్దం మాత్రం స్పష్టంగా విన్నాను.

ఆసుపత్రికి సిర్కా వచ్చింది. కట్టు వేసిన చేతిని చూసింది. దారిలో పడి ఉన్న నా సైకిలును తనే కారులో వేసుకొచ్చింది కాబట్టి టైర్లు కూడా చూసింది.

“బుద్ధుందా నీకు? పిల్లలకు పాఠాలు చెప్తావు!”

“మెల్లగా మాట్లాడు సిర్కా.”

“మాట్లాడను. అక్క ఆ మేకులెందుకు బిగించింది? నువ్వు మంచులో పడకూడదని. అంతే కదా? వేసవంతా తిరిగి తిరిగి ఆ ఒక్కటీ అరగదీసి పెట్టావు. ఇంక ఏం మిగిల్చుకున్నావని?”

నర్సు తలుపు దగ్గరగా వేసింది. సిర్కా ఏడవడం మొదలుపెట్టింది. నేను మంచి చేత్తో నీళ్ళ గ్లాసు అందించాను.

కట్టు తీసేదాకా బస్సులో వెళ్ళాను. బస్సు వెచ్చగా ఉంటుంది. కిటికీ అద్దం మీద మంచు పూస్తుంది. దాని అవతల సైకిళ్ళ దీపాలు వరసగా పోతుంటే రోజూ చూసేవాణ్ణి. నవంబరు చివర్లో కట్టు తీశారు. ఆ ఆదివారం సిర్కా వచ్చి తిన్నగా షెడ్డులోకి నడిచింది. ఐలా సైకిలు గోడ కొక్కేనికి వేలాడుతోంది. దానికీ అవే టైర్లు. సగం చలికాలమే తిరిగాయి. మేకులు ఇంకా వేలికి గుచ్చుకుంటున్నాయి.

“దీన్నెక్కు,” అంది.

“సీటు నాకు మరీ కిందికవుతుంది.”

“అయితే పైకి లాగు.”

నేను కదల్లేదు. సిర్కా కట్టెల మొద్దు మీద కూర్చుంది.

“నాకు మాత్రం కష్టంగా ఉండదా బావా? నాదీ అక్క ఎత్తే. చిన్నప్పట్నుంచీ ఆమె విడిచిన బట్టలే కట్టుకున్నాను. ఈ సైకిలు నాకు ఉన్నపళంగా సరిపోతుంది. ఎప్పుడైనా అడిగానా?”

“తీసుకో. నీకైతే మార్చక్కర్లేదు.”

“నాకొద్దు. నాకు కారుంది. మళ్ళీ ఆ ఆసుపత్రికి రావడం నావల్ల కాదు.”

ఆమె లేచి సైకిలు దించి, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. సీటు కింది మర ఎటు తిప్పాలో ఇద్దరికీ తెలియదు. ఆ పనులన్నీ ఇద్దరికీ ఐలాయే చేసి పెట్టేది. ముందు తప్పు వైపు తిప్పి ఇంకా బిగించేశాను. “అబ్బ, సుద్దముక్క చేతులు!” అంది సిర్కా, అచ్చం అక్క గొంతుతో. రెండోసారి మర వదులైంది. చలికి సీటు కడ్డీ గొట్టంలో బిగుసుకుపోయింది. నా మణికట్టుకు ఇంకా బలం లేదు. సిర్కా కింద పట్టుకుంటే నేను సీటును అటూ ఇటూ తిప్పుతూ కొద్దికొద్దిగా పైకి లాగాను.

ఇన్నేళ్ళూ గొట్టం లోపల దాగి ఉన్న కడ్డీ భాగం బయటికి వచ్చింది. అది కొత్తదానిలా మెరుస్తోంది. దానిపైన, వానకూ మంచుకూ తడిసి మసకబారిన భాగం. రెండింటి మధ్య సన్నటి తుప్పు గీత, కడ్డీ చుట్టూ.

“ఆ గీత అక్క ఎత్తు,” అంది సిర్కా.

తుడవడానికి తెచ్చిన గుడ్డను ఆ గీతకు తాకించకుండా నేను జేబులో పెట్టేసుకున్నాను. మర బిగించి, సైకిలును బయట మంచులోకి నడిపించుకుని వచ్చి, ఎక్కి కూర్చున్నాను. సీటు నాకు సరిపోయింది.