పెరిగే గౌను

క్రిస్మస్ నెల వచ్చిందంటే నర్సీపట్నంలో ప్రేమావతికి ఊపిరాడేది కాదు. గోడలకు సున్నం, అరిసెలకు పిండి, కూతురు షైనికి కొత్త గౌను. గౌను గుడ్డ పట్టుకెళ్లి ఎదురింటి దర్జీ జోగులుకిచ్చేది. జోగులు కుట్టిన బట్టలు మనిషితోపాటు పెరుగుతాయి. మూడో ఏట కుట్టించినది పదో ఏటా సరిపోతుంది. అయినా చర్చివాళ్లంతా ఏటా కొత్తవి కుట్టించుకునేవారు. లేకపోతే ఆ మనిషి ఏం తింటాడు? ఆ మాట ఎవరూ పైకి అనేవారు కాదు, అంతే.

రెండువేల ఎనిమిదిలో టీవీ పెడితే చాలు, మాంద్యం, మాంద్యం. ప్రేమావతి మొగుడు వరదానం సర్కారు బడి మేస్టారు. ఆయన జీతానికొచ్చిన ముప్పేమీ లేదు. అయినా ఆవిడ గుండె గుభేలుమంది. స్త్రీల సమాజానికి పెద్ద కదా, ఆదివారం ఆరాధన అవగానే లేచి నిలబడింది.

"రోజులేం బాగోలేదు. ఈసారి కొత్త బట్టలొద్దు. పాతవి ఎలాగూ పెరుగుతున్నాయి, నాలుగు డబ్బులు దాచుకుందాం."

అబ్బ, ఏం తెలివో అనుకున్నారంతా. ఆవిడా అలాగే అనుకుంది, పాపం.

డిసెంబరు సగమైనా ఎదురింట్లో మిషను చప్పుడు లేదు. ఓ పొద్దున ప్రేమావతి వాకిలి తుడుస్తుంటే అక్కడ ఆటో ఆగింది. మిషను ఎక్కిస్తున్నారు. పక్కనే జోగులు, తను కుట్టుకున్న చొక్కాలో. మనిషి చిక్కి సగమైపోయాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. ఆ బట్టలకు పెరగడమే గానీ తగ్గడం తెలీదు.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. చీపురు పారేసి, బీరువాలోంచి చేతికందిన గుడ్డ లాక్కుని పరిగెత్తింది.

"దించు జోగులూ, బేగి దించు! షైనికి గౌను కుట్టాలి. నాకు జాకెట్లు కూడాను."

"అమ్మేసేనండి అమ్మగోరూ," అన్నాడు జోగులు, చొక్కా పైకి లాక్కుంటూ. "బయానా బియ్యానికే అయిపోనాది. మిషను కొన్నోడికి ఇచ్చేసి, అట్నుంచటే యలమంచిలిలో సిమెంటు పన్లోకి ఎల్తన్నాను."

"నా మూలాన్నే కదా?"

"మీరేటి సేత్తారండి. పాప గౌను గురించి బెంగెట్టుకోకండి, ఎంతకైనా పెరుగుతాది."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. మిషను పక్కన సర్దుకుని కూర్చున్నాడు, ఆటో కదిలింది.

క్రిస్మస్ నాడు షైని పాత గౌనే వేసుకుంది. రాత్రికి రాత్రి అంగుళం పెరిగి, అప్పుడే కొలత తీసి కుట్టినట్టు అమిరింది. చర్చి మెట్ల మీద స్త్రీల సమాజంలోని ఎస్తర్ రాణి పిల్లని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది.

"ఎంత మంచి మాట సెప్పేవు వొదినా! అందరికీ డబ్బులు మిగిల్సేవు."

ప్రేమావతి సిగ్గుతో చచ్చిపోయి, పిల్ల మీద తన పైట కప్పేసింది.